రెండు గంజులు

ఫ్యాక్టరీ గేటుకు తాళం పడిన పొద్దున మేము పెద్ద బేసిన్ నిండా పిండి కలిపి పెట్టుకుని ఉన్నాం. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఆ గేటుకు ఎదురుగానే మా బండి. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు, పొద్దుటి షిఫ్టు ఎక్కేవాళ్లు మా దగ్గరే కలుసుకునేవాళ్లు. ఆ రోజు ఎవరూ రాలేదు. వాచ్‌మన్ బిక్షపతి ఒక్కడే బయటికి వచ్చి, గొలుసు చుట్టి కొత్త తాళం వేసి, తాళంచెవి చేతిలో పట్టుకునే మా దగ్గరికి వచ్చాడు.

"రెండు ప్లేట్లు పెట్టు పాపక్కా," అన్నాడు. "రేపటి సంది నాకు గూడ డ్యూటీ లేదు."

"కంపెనీ ఏడికి పోతుందే అన్నా?" అని గ్రేసీ అడిగింది.

"ఏడికి పోతదో నాకేం ఎరుక బిడ్డా. ఈడ మాత్రం అపార్ట్‌మెంట్లు లేస్తయంట. నడిమిట్ల ఈత కొట్టనీకి నీళ్లంట."

"నువ్వు గూడ ఈదుదువు గని తియ్యి."

"నాకు చెడ్డీ ఏడుంది పిల్లా," అని బిక్షపతి నవ్వాడు. నవ్వుతూనే రెండు ప్లేట్లూ తిన్నాడు. గేటు వైపు మాత్రం మళ్లీ చూడలేదు.

మేము అమ్మేది సర్వపిండి. బియ్యప్పిండిలో నానిన శెనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లాకు, కారం వేసి గట్టిగా కలపాలి. ఆ ముద్దను గంజు గిన్నె అడుగున చేత్తో పలచగా ఒత్తి, వేలితో కన్నాలు పొడిచి, ఆ కన్నాల్లో నూనె పోసి మూత పెట్టాలి. కాలే గంజులో ఒత్తడానికి లేదు. చెయ్యి కాలుతుంది, పిండి అంటుకుపోతుంది. అందుకని మాకు రెండు గంజులు. మా అత్త వాడిన సిల్వరు గంజులే, అడుగు మందం. ఒకటి పొయ్యి మీద ఉంటే రెండోది నీళ్ల టబ్బులో చల్లారుతూ ఉండేది. కలపడం, ఒత్తడం నా పని. గంజులు దించడం, చల్లార్చడం, చట్నీ పోసి ప్లేట్లు అందించడం, ఎవరు ఎన్ని తిన్నారో గుర్తు పెట్టుకోవడం గ్రేసీ పని.

గ్రేసీ నా ఆడబిడ్డ. నా భర్త పీటర్‌కు ఒక్కగానొక్క చెల్లెలు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి దానికి జడ వేసుకోవడం రాదు. నేనే వేసేదాన్ని. పీటర్ పోయిన ఏడాది ఇద్దరం కలిసి బండి పెట్టుకున్నాం. నాకు అప్పటికి నలభై దాటాయి, ఒక్క అక్షరం రాదు. జల్లించిన బియ్యప్పిండిని పళ్లెంలో పలచగా పరిచి, అందులో వేలితో రాసి చూపించింది గ్రేసీయే. మొదట 'మ' నేర్పింది. ఆ అక్షరం పట్టుబడ్డాక బండికి కట్టే రేకు మీద నా చేతనే రాయించింది. 'మన టిఫిన్స్'. నేను రాసిన 'మ' కొంచెం పక్కకు ఒరిగి ఉంటుంది. తక్కిన అక్షరాలు దానివి.

ఆ పొద్దున బేసిన్ నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చేసరికి గ్రేసీ మొగుడు శాంసన్ గడపలో కూర్చుని ఉన్నాడు. అతనిది వైజాగ్ వైపు. ఆ ఫ్యాక్టరీలోనే ప్యాకింగ్‌లో చేసేవాడు.

"ఏటక్కా, పిండంతా ఇంటికి తెచ్చేసినారు?" అన్నాడు.

"ఏటక్కానంట!" అని గ్రేసీ విరుచుకుపడింది. "ఇన్నేండ్లాయె ఈడికి వచ్చి, ఇంక నోరు తిరుగది. గేటుకు తాళమేసిన్రని రాత్రే ఫోను రాలె నీకు? చెప్పనీకి నోరు లేదా?"

"చెప్తే పడుకుంటావేటి నువ్వు?"

ఆ పిండి పారబోయడం నాకు చేతకాలేదు. వాకిట్లో పొయ్యి వెలిగించి గల్లీ అంతటికీ ఒత్తి పెట్టాను. పండగ అనుకున్నారు అందరూ. తింటూ తింటూ శాంసన్ భీమిలి సంగతి ఎత్తాడు. వాళ్లమ్మ, అక్క అక్కడే ఉంటారు. చిన్నప్పుడు తాను నక్కల కూతలు విన్న రోడ్డు మీద ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయట, ఆఫీసులు వచ్చాయట, ఆదివారం అయితే కార్లు ఆపడానికి చోటు దొరకదట. వాళ్లక్క ఇంటి పక్కన మంగతాయారు అనే ఆవిడ ఇంటి ముందు గది కొట్టుకు ఇస్తానంటోందట. వెనక ఇంకో గది ఉందట, ఉండటానికి.

"తెలంగాణ రుచులని బోర్డు ఎడితే లైను కట్టేస్తారక్కా," అన్నాడు.

గ్రేసీ నా మోకాలి మీద చెయ్యి వేసింది. చేతికి ఇంకా పిండి ఉంది. "మనం పోదాం వదినా. ఈడ ఇంక ఏమున్నది మనకు? నువ్వు ఒత్తు, నేను అమ్ముత. ముంగట సముద్రం, ఎనక మన రూము. పొద్దుమీకితే ఇద్దరం ఒడ్డు మీద కాళ్లు జాపుకొని కూసుందాం."

నేను అప్పటిదాకా సముద్రం చూడలేదు. చెరువులు చూశాను, అవీ ఇళ్లు కట్టగా మిగిలినవి. "నా కాళ్లు నీళ్లల్ల తడిస్తె నొస్తయి," అన్నాను.

"ఉప్పు నీళ్లకు నొప్పులు పోతయి వదినా," అంది.

సరేనన్నాను.

*

ఈస్టర్ అయిన వారానికి మా ఇంటి ఓనరు హన్మయ్య మామ పై నుంచి దిగి వచ్చాడు. ముందున్న ఖాళీ జాగాలో షట్టర్లు కట్టిస్తున్నాడు. మా గల్లీలో ఎవరు ఇల్లు కూలగొట్టినా కింద షట్టర్లు, పైన హాస్టలు కడుతున్నారు. ఉప్పల్ మెట్రోకు దగ్గర కదా, పిల్లలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి దిగుతున్నారు.

"పాపమ్మా, మూలకున్న షట్టరు నీకు పెట్టిన," అన్నాడు మామ. "ఎండకు, వానకు బండి నూకుడు తప్పుతది. ఎవలెవలో అడుగుతున్రు, నేనే ఆపిన."

"మేము పోతున్నం మామా," అన్నాను. "భీమిలికి."

"అదేడుంది?"

"సముద్రం కాడ."

"సముద్రం కాడ ఏం జేస్తవే? పిండిల ఉప్పు ఎక్కువైతది."

"ఉప్పు ఏసేది నేనే గదా మామా."

"అయితె ఇల్లు గూడ ఖాళీ జేస్తరు?"

"చేస్తం. ఈ నెలాఖరు దాటినంక."

"మల్ల సోచాయించుకో. షట్టరు అయితె ఆగది, ఇల్లు అయితె అసలే ఆగది. హాస్టలోళ్లు నెత్తి మీద కూసున్నరు."

"సోచాయించుకున్నం మామా," అన్నాను. మేము పోతున్నాం అనడం ఆ రోజు నాకు ఎంత బాగుండిందో చెప్పలేను. పీటర్ పోయినప్పటి నుంచి 'మేము' అనే మాటను నేను అంత గట్టిగా అన్నది లేదు. గ్రేసీ నా పక్కనే, నల్లా దగ్గర, బియ్యం కడుగుతోంది. మామ వెళ్లిపోయేదాకా తల ఎత్తలేదు. కడిగిన బియ్యాన్నే మళ్లీ కడిగింది.

*

ఎండలు ముదిరాక ముగ్గురం చర్లపల్లి స్టేషన్‌లో రైలెక్కాం. కొట్టు ఇచ్చే ఆవిడ ముందు రుచి చూస్తానందట. నా గంజు, పిండి సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. టికెట్ చూడడానికి వచ్చినాయన "ఇందులో ఏముందమ్మా?" అని అడిగితే, "మా హోటలు," అని గ్రేసీ చెప్పింది. బోగీలో అందరూ నవ్వారు.

సముద్రం మొదట బస్సు కిటికీలోంచి కనిపించింది. నీళ్లని పోల్చుకోలేకపోయాను. రోడ్డు అవతల ఆకాశం కిందికి దిగిపోయినట్టుంది. రోడ్డుకు ఇవతల మాత్రం అంతా నాచారమే. అవే ఇనుప చువ్వలు, అదే కంకర, అదే ఆకుపచ్చ గుడ్డ కప్పిన అంతస్తులు. ప్లాట్లు అమ్మే బోర్డుల మీద అక్షరాలు కూడబలుక్కుంటూ పోయాను. ఊరి పేర్లు మాత్రమే వేరు.

మంగతాయారు గారిది పెంకుటిల్లు. ముందు గదులు కూలగొట్టి స్లాబు వేయించింది. బొద్దుగా, నుదుటన పెద్ద బొట్టుతో, కుర్చీ వేసుకుని నా పొయ్యి ముందే కూర్చుంది. శాంసన్ తల్లి కూడా వచ్చి చిన్న పీట మీద నా మోచేతి పక్కన కూర్చుంది. ఆమె ఎక్కువ మాట్లాడలేదు. నా చేతులనే చూస్తోంది.

"రొట్టెకి ఈ కన్నాలేటమ్మా?" అని మంగతాయారు గారు అడిగింది.

"నూనె తాగనీకమ్మా."

"మా దిబ్బరొట్టె కూడా నూనె తాగుద్ది. ఇలా నోళ్లు తెరిచి అడుక్కోదు."

"మావోళ్లకు మొగమాటం లేదమ్మా," అన్నాను.

ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, "అమ్మో, గూబల్లోకెక్కేసింది కారం," అంటూనే ఇంకో ముక్కకు చెయ్యి చాచింది. "పేరేటన్నావూ? సర్వపిండా? సర్వమూ ఏసీసినట్టే ఉన్నావు ఇందులో." ఆ మాట మీదే కొట్టు ఖాయమైంది.

అప్పుడు శాంసన్ తల్లి, "నాకూ ఓ ముద్ద ఇయ్యమ్మా, ఒత్తి చూస్తాను," అంది. ఇచ్చాను. అంచులు ఎంత పలచగా రావాలో ఆమె వేళ్లు పట్టుకుని చూపించాను. బాగానే ఒత్తింది.

"నీకు చెయ్యి బాగా తిరిగిపోయిందమ్మా," అంది ఆమె. "మరి ఒక్కదానివీ అక్కడ ఎలాగ..."

"అత్తమ్మా, బీపీ గోళి ఏసుకున్నవా?" అని గ్రేసీ మధ్యలోనే అడిగింది.

నేను ఒంటరి మనిషిని కదా, ఆ సంగతే అడుగుతోంది అనుకున్నాను.

వెనక గది చూశాం. చిన్నదే. ఒక మంచం పడుతుంది, పక్కన కొంచెం జాగా. కిటికీ ఉంది. "గ్రేసీ, నా చాప ఈడ ఏస్త, కిటికి కింద," అన్నాను. "మంచం ఆ గోడకు జరుపుదాం."

"ముందుగాల సముద్రం జూద్దాం పా వదినా, ఎండెక్కుతుంది," అని నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయింది.

ఒడ్డున వలలు ఆరబెట్టే పాక ఒకటి ఉంది. దానికి ఆనుకునే కాఫీ షాపు అద్దాలు మెరుస్తున్నాయి. కొత్త విల్లాల గేటు ముందు ఒక చేపలామె బుట్ట పెట్టుకుని కూర్చుని ఉంటే సెక్యూరిటీ అతను లెమ్మంటున్నాడు. ఆమె తీరిగ్గా లేచి, బుట్ట ఎత్తుకుని మా వైపు వచ్చింది.

"ఏ ఊరమ్మా?"

"హైదరాబాద్. ఇక్కడికే వచ్చేస్తున్నం," అన్నాను.

"అందరూ ఇటే వచ్చెత్తన్నారు," అంది నవ్వుతూ. "మీరంతా ఒచ్చెత్తే మేమెటెల్లాలమ్మా? అటా?" అని ఖాళీగా ఉన్న చేత్తో నీళ్లవైపు చూపించింది.

మేమూ నవ్వాం. గ్రేసీ నా చీర కుచ్చిళ్లు పైకి ఎత్తి పట్టుకుని నన్ను అల దాకా నడిపించింది. నీళ్లు వెనక్కి పోతుంటే కాళ్ల కింద ఇసుక జారిపోయింది. పడతానని దాని భుజం పట్టుకున్నాను. "నేనున్న గద వదినా," అంది. ఆ మాట నిజంగానే అంది. అలల చప్పుడులో కూడా నాకు స్పష్టంగా వినబడింది.

*

తిరిగి వచ్చాక గ్రేసీకి ఒత్తడం నేర్చుకోవాలని పట్టుదల వచ్చింది.

"ఒక దినం నీకు జ్వరమొస్తె కొట్టు బందు పెడ్తమా వదినా?" అంది. న్యాయమే అనిపించింది. ఇన్నేళ్లూ పక్కనే నిలబడ్డా దానికి పిండి కలపడం రాదు. మొదట నీళ్లు ఎక్కువ పోసింది. తర్వాత భయపడి తక్కువ పోసింది, అంచులు పగిలాయి. నేను దాని వెనక నిలబడి, దాని చేతుల మీద నా చేతులు పెట్టి ఒత్తించాను. చిన్నప్పుడు జడ వేస్తుంటే ఎలా మెలికలు తిరిగేదో అలాగే తిరిగింది.

"నాకు రాదు వదినా."

"నాకు 'మ' వచ్చిందా లేదా? నీకు గిది రాదా?"

మే నెల సగం గడిచేసరికి వచ్చేసింది. ఒక సాయంత్రం శాంసన్ కళ్లు మూసి రెండు ముక్కలు తినిపించింది.

"మొదటిది ఎవలు ఒత్తిన్రు?"

"అక్క."

"రెండోది?"

శాంసన్ నమిలి నమిలి, "అదీ అక్కే," అన్నాడు.

గ్రేసీ ఎగిరి గంతేసింది. రెండోది దానిది. నేను దాని నడినెత్తిన ముద్దు పెట్టాను. అందరికంటే ఎక్కువ సంతోషపడింది నేనే.

మర్నాడు పొద్దున ఇద్దరం సామాను సర్దుతున్నాం. అది స్టీలు గ్లాసులను పేపర్లో చుట్టి డబ్బాలో పెడుతోంది. నేను చాయ్ వడపోస్తున్నాను.

"వదినా," అంది, "మేము పోయినంక ఈ సిలిండరు నువ్వే ఉంచుకో. కొత్త కనెక్షను కోసం మల్ల ఏడ తిరుగుతవ్?"

నేను ముందు సిలిండరు గురించే ఆలోచించాను. అది సగం ఖాళీ అయి ఉంటుంది, అక్కడిదాకా మోసుకుపోవడం ఎందుకులే అనుకున్నాను. రెండో గ్లాసులోకి కూడా చాయ్ పోశాను. ఆ తర్వాత దాని మాట మళ్లీ మొదటి నుంచి నా చెవిన పడింది. 'మ'కు ఏత్వం ఇస్తే 'మే' అవుతుందని పిండిలో రాసి చూపింది ఇదే.

"ఏమన్నవే?" అన్నాను.

"సిలిండరు వదినా."

"అది గాదు. దాని ముంగట."

గ్రేసీ చేతిలో గ్లాసు సగం చుట్టి ఉంది. తాను ఏమందో దానికి అప్పుడు తెలిసింది. మొహం కందిపోయింది. ఆ గ్లాసు పూర్తిగా చుట్టి, డబ్బాలో పెట్టి, ఇంకో గ్లాసు తీసుకుంది.

బయట సైకిలుకు గాలి కొడుతున్న శాంసన్ పంపు ఆపాడు. వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "అమ్మ వస్తానంది అక్కా," అన్నాడు కింద చూస్తూ. "మా అక్క దగ్గర పడట్లేదు ఆవిడకి. గది చూసినారు కదా మీరు. ఏటి చెయ్యమంటారు?"

"నన్ను చెయ్యమన్నది నేను చేసిన గద తమ్మీ. ఒత్తిన, ఒత్తుడు నేర్పిన."

"అట్ల అనకు వదినా," అని గ్రేసీ అందుకుంది. దానికి ఏడుపు వస్తోంది, కోపం కూడా వస్తోంది. "నీకు ఈడ చర్చి ఉంది. గల్లీ మొత్తం నీ మాట ఇంటది. ఆడ నీకెవలున్నరు?"

"నువ్వు ఉంటవనుకున్న."

చాయ్ మీద మీగడ కట్టింది. ముగ్గురం తాగలేదు.

ఒక్కటే అడిగాను. "మీ అత్తమ్మ వస్తనన్నది ఎప్పుడే?"

గ్రేసీ డబ్బా మూత పెట్టింది. శాంసన్ చెప్పాడు. "ఈస్టర్‌కి ముందే అక్కా."

బియ్యం కడుగుతూ వంచిన దాని తల, హన్మయ్య మామ చెప్పులు మెట్లెక్కుతున్న చప్పుడు, రెండూ నాకు ఒక్కసారే గుర్తొచ్చాయి. ఆ రోజు ఒక్క మాట, తొందరపడకు వదినా అని ఒక్క మాట అనివుంటే చాలు. షట్టరు ఉండేది, ఇల్లు ఉండేది. దాన్ని ఆ సంగతి అడగలేదు. అడిగితే జవాబు చెబుతుందేమోనని భయం వేసింది.

*

వాళ్లు వెళ్లే ముందు ఆదివారం చర్చిలో పాస్టరు గారు ఆరాధన అయ్యాక, "సహోదరి పాపమ్మ, సహోదరి గ్రేసీ, సహోదరుడు శాంసన్ కొత్త స్థలానికి పోతున్నరు, ముంగటికి రావాలె," అని పిలిచారు. అందరికీ నేనే చెప్పి ఉన్నాను, వేసవి మొదట్లో. ఒక్కొక్కరికీ ఆపి మరీ చెప్పాను.

కూర్చునే ఉంటే ఎందుకో చెప్పాలి. లేచి వెళ్లి వాళ్ల పక్కన నిలబడ్డాను. ముగ్గురి తలల మీదా చేతులుంచి ప్రయాణం కోసం ప్రార్థన చేశారు. గ్రేసీ కళ్లు మూసుకునే నా చెయ్యి వెతికి పట్టుకుంది. విడిపించుకోలేదు, అందరూ చూస్తున్నారు కనుక. స్త్రీల సమాజం వాళ్లు ముగ్గురికీ కలిపి ఒక గోడ గడియారం ఇచ్చారు. "వదినా, ఇది నువ్వే..." అని గ్రేసీ బయట మొదలుపెట్టింది. "నాకెందుకు? ప్రయాణం జేసేటోళ్లకు ఇచ్చిన్రు," అన్నాను.

ట్రాలీ ఆటో వచ్చిన రోజు గ్రేసీ గంజులు రెండూ తోమి వాకిట్లో పక్కపక్కన బోర్లించింది. "ఒకటి మాకు, ఒకటి నీకు," అంది. ఇప్పుడు ఆ మాటలు తడుముకోకుండా వస్తున్నాయి దానికి. సొట్ట లేనిది తీసుకుని చీరలో చుట్టింది. 'మన టిఫిన్స్' రేకు బండికి అలాగే ఉంది. అది కావాలని గ్రేసీ అడగలేదు. అక్కడ కొత్త బోర్డు చేయించారట.

ఆటో కదిలేటప్పుడు వచ్చి నన్ను వాటేసుకుంది. "ఫోన్ జేస్త వదినా." దాని జుట్టులోంచి వేయించిన నువ్వుల వాసన వచ్చింది. నా జుట్టులోంచీ అదే వాసన వచ్చి ఉంటుంది దానికి.

*

హన్మయ్య మామ దగ్గరికి పోవడానికి ధైర్యం చాల్లేదు. ఆయనే దిగి వచ్చాడు.

"గ్రేసోళ్లు పోయిన్రా?"

"పోయిన్రు మామా."

"నువ్వు పోలె?"

"పోలె."

కాసేపు గోడకు కొట్టిన సున్నం గోటితో గీకుతూ నిలబడ్డాడు. "ఉప్పు ఎక్కువైతదని అన్న గదనే నేను," అన్నాడు. అంతకు మించి అడగలేదు. మూల షట్టరులో అప్పటికే సెల్‌ఫోను కవర్ల కొట్టు తెరిచారు. ఇంట్లోకి హాస్టలు వాళ్ల మంచాలు దిగుతున్నాయి. నాకు డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కనున్న రూము ఇచ్చాడు, రేకుల కప్పు. కింద మెట్ల కింద పొయ్యి పెట్టుకోమన్నాడు. బండి అక్కడ పట్టదు, అమ్మేశాను. రేకు మాత్రం ఉంచుకున్నాను.

"బోర్డు కట్టవా?" అని మామ అడిగాడు.

"ఎందుకు మామా, వాసనకు వస్తరు."

వచ్చారు. పాత ముఖాలు కావు. ఫ్యాక్టరీ జాగాలో పునాదులు తవ్వే పిల్లలు, ఒడిశా వాళ్లు, బీహారు వాళ్లు. హాస్టలు ఆడపిల్లలు, మెట్రోకు పరుగెత్తేవాళ్లు. పునాదుల పిల్లలకు పేరు తెలియదు, వాళ్లకది కన్నాల రొట్టె. "ఛేద్‌వాలీ రోటీ దో, అమ్మా," అంటారు. ఒక్క గంజుతో కష్టమైంది. దింపి, చల్లార్చి, తుడిచి, ఒత్తేసరికి సగం మంది వెళ్లిపోయేవాళ్లు. ఉప్పల్‌లో గిన్నెల కొట్లన్నీ తిరిగి, అడుగు చేత్తో తట్టి చూసి, రెండో గంజు కొనుక్కున్నాను.

వానలు పడుతున్నప్పుడు గ్రేసీ ఫోను చేసింది. పొద్దున పూట, రద్దీ వేళే. దాని వెనక కూడా జనం గోల వినబడుతోంది, మధ్యలో ఎవరో "ఏటమ్మా, ఎంతసేపూ?" అని విసుక్కుంటున్నారు.

"వదినా, మంచిగున్నవా?"

"ఉన్న. చెప్పు."

"అత్తమ్మకు రెండు దినాలకే చేతులు నొస్తున్నయంట, ఒత్తుతలేదు. నేనొక్కదాన్నే. గంజు సల్లారెదాంక ఎవలు ఆగుతలేరు వదినా. ఏడి మీద ఒత్తితె అంటుకపోతుంది. ఈడ స్టీలు గంజు తెచ్చిన, మాడిపోతుంది." గుక్క తిప్పుకుంది. గొంతు తగ్గింది. "మన రెండో గంజు నీ దగ్గరే ఉంది గదా. పార్శిల్ పంపరాదు? మనం ఒకసారి నిలదొక్కుకుంటె..."

ఆ 'మనం' ఎంత అలవాటుగా అంది. నల్లా దగ్గర బియ్యం కడిగినట్టే.

నా ముందు ఒడిశా పిల్లవాడు ప్లేటు పట్టుకుని నిలబడ్డాడు. పొయ్యి మీద కొత్త గంజులో నూనె చిటపటమంటోంది. మా అత్త గంజు, సొట్టది, టబ్బులో చల్లారుతోంది.

"పంపరాదే," అన్నాను. "మాకు గావాలె."

అవతల గోల ఒక్కసారిగా తగ్గినట్టయింది. కొట్టులోంచి బయటికి నడిచిందేమో, అలల చప్పుడు వినబడింది.

"మాకు అంటె?" అంది గ్రేసీ. "మీరు ఎవలెవలున్నరు వదినా?"

ఫోను పెట్టేసి, టబ్బులోంచి గంజు తీసి పైటతో లోపల తుడిచాను. అరచెయ్యి అడుగున ఆనించి చూశాను. చల్లగా ఉంది. ముద్ద తీసుకుని ఒత్తడం మొదలుపెట్టాను.